జాతి కుక్కపిల్ల కొంటున్నారా? ముందు తల్లిని చూడండి

ఘాటి సుబ్రహ్మణ్యం జాతరలో కోడెల జత కొనే మన రైతు ఊరికే డబ్బు తీయడు. పళ్లు చూస్తాడు. సుడులు చూస్తాడు. మూపురం నుంచి గిట్టల దాకా చెయ్యి వేసి తడుముతాడు. నాలుగడుగులు నడిపించి, అమ్మేవాడిది ఏ ఊరో, కోడెలు ఎవరి ఇంట పుట్టాయో వాకబు చేసి, అప్పుడు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం మొదలుపెడతాడు. అదే రైతు కుక్కపిల్ల దగ్గరకొచ్చేసరికి అట్టపెట్టెలో ముడుచుకుని పడుకున్నదాన్ని చూసి, 'ముద్దుగా ఉందే' అని వేలకు వేలు చేతిలో పెట్టి వస్తున్నాడు. పది రోజులకు అది చచ్చిపోతే తలరాత అనుకుంటాడు. ఆరు నెలలకు అది జాతి కుక్క కాదని తేలితే ఎవరికీ చెప్పుకోడు.

లేపాక్షి, చిలమత్తూరు, గోరంట్ల, సోమందేపల్లి, పెనుకొండ చుట్టుపక్కల వర్షం మోసం చేసిన ఏడాది రైతును నిలబెట్టేది జీవాలే. సెనక్కాయ పోయినా నాలుగు పొట్టేళ్లు అమ్మి పిల్లల ఫీజు కడతారు. ఆ మందకు తోడేలు భయం, గుట్టల పక్క ఊళ్లలో చిరుత భయం, రోడ్డు పక్క ఊళ్లలో రాత్రిపూట బండేసుకుని వచ్చే దొంగల భయం. అందుకే 'మంచి జాతి కుక్క ఎక్కడ దొరుకుతుంది' అని అడిగేవారు ఎక్కువయ్యారు. అడగడం మంచిదే. అయితే కుక్కపిల్లకు పెట్టే డబ్బు కొందరికి రెండు మూడు గొర్రెపిల్లల ఖరీదు. అంత పెట్టేటప్పుడు కోడెల దగ్గర చూపించిన జాగ్రత్తలో సగమైనా ఇక్కడ చూపించాలి.

ముందు పని తేల్చుకోండి

కుక్కలన్నీ ఒక పనికి పుట్టినవి కావు. ముధోల్ కుక్క కంటితో చూసి తరిమే జాతి. సన్నటి నడుము, లోతైన రొమ్ము, పొడవాటి కాళ్లు. పరుగు కోసమే పుట్టింది. దూరంలో కదిలేదాన్ని పసిగట్టడంలో, కొత్త మనిషిని దగ్గరకు రానీయకపోవడంలో దానికి పేరుంది. కానీ మంద మధ్య రాత్రంతా కదలకుండా పడుకుని తోడేలుకు ఎదురు నిలిచే పనికి అది పుట్టలేదు. ఆ పనికి హిమాలయాల్లో గొర్రెల కాపరుల దగ్గర గద్ది కుక్క ఉంది. బరువైన ఒళ్లు, మెడ నిండా జూలు, చిరుత గొంతు పట్టకుండా ఇనుప ముళ్ల పట్టీ. మన ఎండకు ఆ దట్టమైన బొచ్చు కుక్కను తెచ్చి పెంచడం దాన్ని హింసించడమే.

ఉన్నమాట చెప్పాలంటే, కేవలం దొడ్డి కాపలాయే మీకు కావాల్సింది అయితే మీ ఊళ్లోనే మంచి పేరున్న మంద కుక్క పిల్లను తెచ్చి, రెండు నెలల వయసు నుంచే గొర్రెపిల్లల మధ్య పెంచండి. పిల్లప్పుడు గొర్రెపిల్లలను ఆటకు తరమనివ్వకూడదు. ఆ ఒక్క అలవాటు మాన్పిస్తే అది మందను తన ఇల్లే అనుకుంటుంది. దానికి పైసా ఖర్చు లేదు. చేలు, ఇల్లు, తోట కూడా చూసుకోవాలి, కొత్తవాళ్లు వస్తే తెలియాలి, పైగా మేలుజాతిని నిలబెట్టాలన్న ఆసక్తీ ఉంటే అప్పుడు జాతి కుక్క మాట ఆలోచించవచ్చు.

చిరుత తిరిగే గుట్టల పక్క రైతులకు ఒక హెచ్చరిక. చిరుతకు కుక్క మాంసం ఇష్టం. రాత్రి దొడ్డి బయట గొలుసుతో కట్టేసిన కుక్క కాపలా కాదు, ఎర. ఎంత జాతి కుక్క అయినా రాత్రిపూట కంచె లోపలే ఉండాలి. దొడ్డికి పైన కూడా వల లేదా ముళ్లకంప కప్పు ఉండాలి. అది లేకుండా కుక్క మీద పెట్టే డబ్బు దండగ.

ఏ ముధోల్?

బాసర దగ్గర, నిర్మల్ జిల్లాలో ఒక ముధోల్ ఉంది. కుక్కల ముధోల్ అది కాదు. మనకు కావాల్సింది కర్ణాటకలో బాగల్‌కోట జిల్లాలోని ముధోల్. అనంతపురం, బళ్లారి, హొసపేట, ఇల్కల్ మీదుగా బాగల్‌కోట చేరి, అక్కడి నుంచి ముందుకు పోవాలి. ఒకప్పుడు అది ఘోర్పడేల సంస్థానం. వ్యాపారులతో, సైనికులతో పడమటి దేశాల నుంచి వచ్చిన పరుగు కుక్కలు దక్కన్‌లో స్థిరపడి, అక్కడి బేడర్ల చేతుల్లో వేటకుక్కలుగా మిగిలాయని చెబుతారు. 20వ శతాబ్దం మొదట్లో రాజా మాలోజీరావు ఘోర్పడే వాటిలో మేలైనవాటిని ఏరి, జతలు కట్టించి జాతిని మళ్లీ నిలబెట్టాడు. ఇంగ్లండు వెళ్లినప్పుడు ఐదో జార్జి చక్రవర్తికి ఒక జతను కానుకగా ఇచ్చాడు. ముధోల్ కుక్క అన్న పేరు అప్పటి నుంచే స్థిరపడింది. కరవాన్ కుక్క అన్నా ఇదే. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాల్లో ఆ రెండో పేరే రాస్తారు కనుక తికమకపడవద్దు.

ఆ తర్వాత చాలాకాలం దాని ఊసు ఎవరికీ పట్టలేదు. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు దేశవాళీ కుక్కల బొమ్మలతో బిళ్లలు వేసింది. అందులో ముధోల్ ఒకటి. సైన్యం మీరట్‌లోని తన కేంద్రానికి ముధోల్ పిల్లలను తీసుకెళ్లి శిక్షణ ఇచ్చి చూసింది. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి రేడియోలో 'మన్ కీ బాత్' ప్రసంగంలో ముధోల్, రాజపాళయం, చిప్పిపారై, కొంబై వంటి దేశవాళీ కుక్కల పేర్లు చెప్పి పెంచుకోమన్నారు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ముధోల్‌ను, రాజపాళయాన్ని, చిప్పిపారైని దేశీయ జాతులుగా నమోదు చేసింది. ఇదంతా మంచి జరిగిందనే చెప్పాలి. కానీ గిరాకీ పెరిగినచోట కల్తీ కూడా పెరుగుతుంది. అది పాలైనా, విత్తనమైనా, కుక్క అయినా ఒకటే.

ముధోల్ తాలూకాలో చిన్న రైతులు, కాపరులే ఈ కుక్కలను ఇళ్లలో పెంచి పిల్లలను అమ్ముకుంటారు. జొన్నరొట్టె, పాలు, గుడ్డుతో పెరిగే కుక్కలవి. అదే తాలూకాలోని తిమ్మాపూర్‌లో బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయం వారి కుక్కల పరిశోధన, సమాచార కేంద్రం ఉంది. ముందుగా అక్కడికి వెళ్లి పెద్ద కుక్కలను కళ్లారా చూడండి. మేలైన ముధోల్ ఎలా ఉంటుందో ఒకసారి కంటికి పట్టాక ఆ తర్వాత మిమ్మల్ని మోసం చేయడం కష్టం.

ఏం చూడాలంటే: మగది సుమారు 68 నుంచి 72 సెంటీమీటర్ల ఎత్తు, ఆడది దానికన్నా కాస్త తక్కువ. బరువు 22 నుంచి 28 కిలోలు. తల పొడవుగా, సన్నగా ఉంటుంది. చెవులు తలకు అంటుకుని కిందికి వేలాడతాయి. మామూలుగా ఒంటి వెంట్రుకలు పొట్టిగా, నున్నగా ఉంటాయి. చెవులకు, తోకకు, కాళ్లకు కుచ్చుల్లాంటి వెంట్రుకలుండే రకం ఇంకొకటి ఉంది. దాన్ని పష్మీ అంటారు. పందేల కోసం కొందరు సీమ గ్రేహౌండ్‌తో దాటించి, పుట్టిన పిల్లలను ముధోల్ పేరుతో అమ్ముతారు. గ్రేహౌండ్ చెవి వెనక్కి మడతపడి ఉంటుంది. తొడలు బాగా కండపట్టి ఉంటాయి. రెండు నెలల పిల్లలో ఈ తేడా కనిపెట్టడం నాకు చేతకాలేదు, చాలామందికి చేతకాదు. పెద్దవాటిలో ఇట్టే తెలిసిపోతుంది. అందుకే తల్లిని చూడమనేది.

మన రాష్ట్రపు కుక్క జోనంగి

అంతదూరం పోవడం ఎందుకు, మన రాష్ట్రంలో లేదా అంటారేమో. ఉంది. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా, గోదావరి జిల్లాల్లో జోనంగి అనే కుక్క ఉండేది. వెంట్రుకలు ఉన్నాయా లేవా అన్నంత పొట్టిగా ఉంటాయి. నుదుటి మీద ముడతలు. మామూలు కుక్కలా మొరగడం తక్కువ, ఒక రకంగా కూత పెట్టినట్టు అరుస్తుంది. మట్టిలో గుంట తవ్వుకుని అందులో పడుకోవడం దాని అలవాటు. బాతుల మందలను తోలడానికి, ఇంటి కాపలాకు కాపరులు దాన్ని పెంచేవారు. ఒక్క యజమానినే నమ్ముకుంటుంది.

కొల్లేరులో పొలాలు, నీటి పల్లాలు చేపల చెరువులయ్యాక బాతుల మందలతోపాటు ఈ కుక్కకూ పని పోయింది. పని పోయిన జాతి ఎక్కువకాలం నిలవదు. 2006లో కొల్లేరు అభయారణ్యంలోని చెరువు గట్లను పగలగొట్టారు కానీ పోయిన జోనంగి తిరిగి రాలేదు. ఇప్పుడు ఆసక్తి ఉన్న కొద్దిమంది దగ్గర మాత్రమే మేలు రకం మిగిలింది. మీరు ఆ వైపు పెళ్లికో, పనికో వెళితే పశువైద్యశాలలో, పాత బాతుల కాపరుల దగ్గర విచారించండి. జోనంగి పేరుతో నున్నటి నాటుకుక్క పిల్లను అంటగట్టేవారు కూడా ఉంటారు. ఇక్కడా మందు ఒకటే. తల్లిని, వీలైతే తండ్రిని, ముందటి ఈతలో పుట్టి పెద్దదైన కుక్కను చూపించమనండి.

పెంపకందారు ఇంట్లో ఏం చూడాలి

మంచి పెంపకందారును గుర్తుపట్టడానికి ఒక సులువైన గుర్తు ఉంది. అతను మిమ్మల్ని ప్రశ్నలడుగుతాడు. 'ఎక్కడ ఉంచుతావు? కట్టేస్తావా, వదులుతావా? ఇంట్లో ఎవరెవరున్నారు? ఇంతకుముందు కుక్కను పెంచావా, అది ఏమైంది?' అని. ఆ ప్రశ్నలకు కోపం తెచ్చుకోకండి. ఆడపిల్లనిచ్చే ఇంటివాళ్లు అడగరా? ఏమీ అడగకుండా 'ఎన్ని కావాలన్నా' అని ఎదురొచ్చేవాడి దగ్గర నుంచి లేచి రండి.

ఇంట్లోకి వెళ్లాక పిల్లను కాదు, ముందు తల్లిని అడగండి. 'తల్లి పొలంలో ఉంది', 'బంధువుల ఊళ్లో ఉంది' అంటే ఆ పిల్లలు ఎక్కడి నుంచో తెచ్చినవే. తల్లి ఎదురుగా ఉంటే దాని ఒంటిని చూడండి. పాలిచ్చే తల్లి కాస్త చిక్కి ఉండటం సహజం. పుండ్లు, గోమార్లు, కళ్లలో పుసి ఉంటే మాత్రం ఆ ఇంటి శుభ్రత అదే చెబుతోంది. దాని స్వభావాన్ని కూడా గమనించండి. యజమాని పక్కన ఉండగా కూడా వణికిపోయే తల్లి, కారణం లేకుండా మీదికి ఉరికే తల్లి పిల్లలకు అదే నేర్పుతుంది. ముధోల్ కొత్తవారిని దగ్గరకు రానీయదు, అది లోపం కాదు. భయానికీ, ఎడంగా ఉండటానికీ తేడా ఉంది.

తల్లి వయసెంత, ఇది ఎన్నో ఈత, పోయిన ఈత ఎప్పుడు అని అడగండి. కుక్కకు చూలు 63 రోజులు, రెండు మూడు రోజులు అటూ ఇటూ. ప్రతి ఎదలోనూ దాటించి పిల్లలను తీసేవాడు తల్లిని పాడు చేస్తున్నాడు. బలహీనపడిన తల్లికి పుట్టే పిల్లలూ బలహీనమే.

తర్వాత తండ్రి గురించి. తండ్రి ఆ ఇంట్లోనే లేకపోవచ్చు. అది తప్పు కాదు, ఇంకా మంచిది కూడా. ఎందుకో మీకు తెలిసిందే. మందలో ఒకే పొట్టేలును ఏళ్ల తరబడి ఉంచితే అది తన పిల్లలనే దాటుతుంది. గొర్రెపిల్లలు చిన్నగా, అవిటిగా పుడతాయి. అందుకే రెండేళ్లకోసారి పొట్టేలును మారుస్తారు. కుక్కల్లోనూ అదే లెక్క. అరుదైన జాతి అంటేనే తక్కువ కుక్కలు. తక్కువ కుక్కల్లో అన్నాచెల్లెళ్లను, తండ్రీబిడ్డలను కలిపేయడం సులువు. తల్లి ఎవరి పిల్ల, తండ్రి ఎవరి పిల్ల అన్నది రెండు మూడు తరాల దాకా నోటితోనైనా చెప్పగలవాడే పెంపకందారు. నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నవాడైతే మరీ మంచిది. ఆ పుస్తకం ఉన్న ఇంట్లో వెయ్యి రూపాయలు ఎక్కువైనా సరే అక్కడే కొనమంటాను.

ఇక పిల్ల వంతు. ఈతలోని పిల్లలన్నింటినీ ఒకచోట వదిలి పావుగంట కూర్చోండి. ఒక్కటి మూలన పడుకుని లేవకపోతే, ఒక్కటి నీళ్లగా విరేచనం చేస్తున్నా సరే, ఆ రోజు ఏ పిల్లనూ కొనవద్దు. జబ్బు ఒకదాన్ని పట్టిందంటే మిగతావాటికి లోపల ఉన్నట్టే. చిగుళ్లు ఎర్రగా ఉండాలి, పాలిపోతే నులిపురుగులు. కడుపు డోలులా ఉబ్బి, వీపు సన్నగా ఉన్నా అంతే. బొడ్డు దగ్గర ఉబ్బు ఉందేమో తడమండి. మగపిల్లకు రెండు వృషణాలు దిగాయేమో చూడండి. నోరు తెరిచి పళ్లు చూడండి. ఎనిమిది వారాలకు 28 పాలపళ్లు వచ్చేస్తాయి. పళ్లు ఇంకా పొడుచుకొస్తూ, కళ్లు నీలంగా ఉంటే అది నెల పిల్ల, ఎన్ని వారాలని చెప్పినా నమ్మకండి. తల్లి దగ్గర, తోటిపిల్లల దగ్గర రెండు నెలలు గడపని పిల్లకు రోగాలు తట్టుకునే శక్తీ చాలదు, ఎంత గట్టిగా కరవవచ్చో కరవకూడదో కూడా తెలియదు.

తెల్లటి రాజపాళయం కొనేవారు ఇంకో పరీక్ష చేయాలి. ఆ జాతిలో చెవుడు ఎక్కువ. పిల్లకు కనబడకుండా వెనక నుంచి పళ్లెం మీద గరిటెతో కొట్టండి. తిరిగి చూడకపోతే రెండోసారి, మూడోసారి చూడండి. మంద కాయాల్సిన కుక్కకు చెవి లేకపోతే ఏం లాభం?

కాగితాలు, చట్టం

'కాగితాలున్నాయి' అన్న మాట వినగానే రేటు పెరుగుతుంది. కెన్నెల్ క్లబ్ నమోదు పత్రం ఉండటం మంచిదే. కానీ పెంపకందారు ఇచ్చిన వివరాలను బట్టే అది వస్తుంది. ఇచ్చేవాడు నిజాయితీ లేనివాడైతే కాగితం మీద ఒక తల్లి, ఇంట్లో ఇంకో తల్లి ఉండవచ్చు. కాగితం చూసి తల్లిని చూడటం మానేయవద్దు.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. కుక్కల పెంపకం, అమ్మకంపై కేంద్రం 2017లో నిబంధనలు తెచ్చింది. అమ్మకానికి పిల్లలను తీసేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేసుకోవాలి. 18 నెలలు నిండని ఆడకుక్కను దాటించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పిల్లకు టీకాలు వేయించి, చర్మం కింద గుర్తింపు చిప్ పెట్టించి అమ్మాలి. పల్లెల్లో ఇవన్నీ పాటించేవారు ఎందరున్నారన్నది వేరే మాట. అడగడం మాత్రం మీ హక్కు. రేపు మీరు ఆడకుక్కను తెచ్చి పిల్లలను అమ్మాలనుకుంటే అవే నిబంధనలు మీకూ వర్తిస్తాయి.

రసీదు తప్పనిసరిగా రాయించుకోండి. తెల్లకాగితం మీదైనా సరే. పిల్ల పుట్టిన తేదీ, రంగు, మచ్చలు, తల్లిదండ్రుల పేర్లు, ఇచ్చిన టీకాలు, తాగించిన నులిపురుగుల మందు, ఇచ్చిన డబ్బు, రెండు సంతకాలు. వారంలోపు పశువైద్యుడు జబ్బుందని చెబితే వెనక్కి తీసుకునే మాట కూడా అందులో ఉండాలి. మంచి పెంపకందారు దీనికి ఒప్పుకుంటాడు. ఎప్పుడైనా మీరు పెంచలేని పరిస్థితి వస్తే వీధిలో వదలొద్దు, నాకే తిరిగివ్వు అని కూడా అంటాడు.

ఫోన్లో ఫొటో చూపించి, ముందు సగం డబ్బు పంపమని, బస్సులో డబ్బాలో పెట్టి పంపిస్తామని చెప్పేవారితో బేరమే వద్దు. డబ్బు పంపాక పిల్ల రానివారున్నారు, ఇంకో పిల్ల వచ్చినవారున్నారు.

నేను ఎలా మోసపోయానంటే

ఇన్ని చెబుతున్నాను కదా, నేను మాత్రం చూసి కొన్నానా? బెంగళూరులో పని చూసుకుని తిరిగి వస్తూ బస్టాండు పక్కన గంపలో పిల్లలను పెట్టుకున్న మనిషి దగ్గర ఆగాను. 'ముధోల్ సార్, తల్లి ఊళ్లో ఉంది, నలభై రోజుల పిల్ల' అన్నాడు. అన్నీ నేను పైన వద్దన్నవే. బస్సు కదిలిపోతుందన్న తొందరలో కొన్నాను. ఐదో రోజు అన్నం మానేసింది. ఆరో రోజు వాంతులు, నెత్తురు విరేచనాలు. పార్వో. పశువైద్యశాలకు తీసుకెళ్లి సెలైన్ పెట్టించాం, నిలబడలేదు. ఇంట్లో పిల్లలు దానికి పేరు కూడా పెట్టుకున్నారు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుందని డాక్టరు చెప్పాక ఏడాది దాకా ఆ వాకిట్లో ఇంకో పిల్లను పెట్టలేదు.

ఇంటికి తెచ్చాక

ప్రయాణం చల్లటి పూట పెట్టుకోండి. తల్లి వాసన అంటిన గుడ్డముక్క ఒకటి అడిగి తెచ్చుకుంటే మొదటి రెండు రాత్రులు ఏడుపు తగ్గుతుంది. వారం రోజుల దాకా అక్కడ ఏం తిన్నదో అదే పెట్టండి, తర్వాత మెల్లగా రాగిముద్ద, మజ్జిగ, గుడ్డుకు మార్చండి. మూడు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆ తర్వాత రెండుసార్లు. ముధోల్ డొక్కలు కనబడేలా ఉండటం దాని తీరు. బలుస్తోందని సంతోషపడి ముద్దల మీద ముద్దలు వేయవద్దు. గొలుసు మీద బతికే జాతి కాదది, రోజూ పరుగు కావాలి.

పార్వో, డిస్టెంపర్ టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో నాలుగు నెలల వయసు దాకా వేయించాలి. అవి పూర్తయ్యేదాకా వీధి కుక్కలతో కలవనివ్వద్దు. మూడో నెలలో రేబీస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం మళ్లీ, ఏటా ఒకసారి. ఇది మరవకూడదు. టీకా వేసిన కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి పోవాల్సిందే. పెద్ద జబ్బు చేస్తే మన ప్రాంతం వారికి దగ్గర బెంగళూరు హెబ్బాళలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి.

జీవాలున్నవారికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. గొర్రె తల ఒకపక్కకు వంచి, గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయే జబ్బును మీరు చూసే ఉంటారు. దయ్యం పట్టిందని తాయెత్తులు కట్టేవారున్నారు. ఆ జబ్బు కుక్క కడుపులోని బద్దెపురుగు వల్ల వస్తుంది. జబ్బుచేసిన గొర్రె మెదడులో నీటిబుడ్డ ఉంటుంది. ఆ తలకాయను కోసి కుక్కకు వేస్తే కుక్క పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు కుక్క విసర్జనతో గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె మెదడులో మళ్లీ బుడ్డ. కాలేయం, ఊపిరితిత్తుల్లో నీటిబుడ్డలు తెచ్చే ఇంకో రకం బద్దెపురుగు మనుషులకు కూడా సోకుతుంది. వేల రూపాయల కుక్కను తెచ్చి మందను పోగొట్టుకోవడం ఇలాగే జరుగుతుంది. అందువల్ల గొర్రె తల, కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు పచ్చిగా వేయవద్దు. బాగా ఉడికించండి, లేదా లోతుగా పూడ్చండి. కుక్కపిల్లకు ఆరు నెలల దాకా నెలకోసారి నులిపురుగుల మందు, ఆ తర్వాత మూడు నెలలకోసారి బద్దెపురుగులకు పనిచేసే ప్రాజిక్వాంటెల్ ఉన్న మందును బరువును బట్టి డాక్టరును అడిగి వేయండి. మందు వేసిన రెండు రోజులు కుక్కను కట్టేసి, దాని విసర్జనను ఎత్తి పూడ్చాలి.

వేట సంగతి కూడా చెప్పాలి. ముధోల్‌ను చూడగానే కుర్రాళ్లకు కుందేళ్లు గుర్తొస్తాయి. చేలల్లో పడే జింకల మీదికి వదలమని పెద్దవాళ్లే అంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుక్కతో వేటాడినా వేటే. కృష్ణజింకను చంపితే జైలు తప్పదు. పంట నష్టం నిజమే. దానికి కుక్క మొరిగి తరిమితే చాలు. పిల్లప్పటి నుంచే పిలిస్తే వెనక్కి వచ్చేలా అలవాటు చేయండి. రాని కుక్కను చేలో వదలకండి.

మీ ఊళ్లో ఇద్దరు ముగ్గురు కలిసి తెచ్చుకునే ఆలోచన ఉంటే ఒకే ఈతలోని పిల్లలను పంచుకోకండి. వేర్వేరు ఇళ్ల నుంచి, సంబంధం లేని తల్లులకు పుట్టిన ఒక మగదాన్ని, ఒకటి రెండు ఆడవాటిని తెచ్చుకోండి. ఆడది రెండేళ్లు నిండాక, ఒళ్లు బాగుందని డాక్టరు చూసి చెప్పాక దాటించవచ్చు. పిల్లలను ఎవరికి ఇవ్వాలో దాటించకముందే మాట్లాడి పెట్టుకోండి. నోటుపుస్తకం ఒకటి కొని, మొదటి పేజీలో తల్లి పేరు, తండ్రి పేరు, తెచ్చిన ఊరు, తేదీ రాసి, రసీదు దానికి అంటించండి.